హైదరాబాద్ దగ్గర్లో కొండ కోటలు.. భువనగిరి నుంచి రాచకొండ దాకా, ఎక్కే ముందు తెలుసుకోవాల్సినవి

వీకెండ్ ట్రెక్ అనగానే చాలామందికి మహారాష్ట్ర కొండలో, అరకు లోయో గుర్తొస్తాయి. కానీ హైదరాబాద్ నుంచి పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి ఇంటికొచ్చేంత దూరంలోనే రాజులు ఏలిన కొండ కోటలు ఉన్నాయి. భువనగిరి, రాచకొండ, దేవరకొండ, మెదక్, కోయిలకొండ.. అన్నీ గ్రానైట్ గుట్టల మీద కట్టినవే. వీటిలో ఒకటి రెండింటికి మెట్లు, రెయిలింగ్, టికెట్ కౌంటర్ ఉన్నాయి. మిగతా చోట్ల దారి వెతుక్కుంటూ వెళ్లాల్సిందే.

ఎక్కే ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. పైకి వచ్చేవాడు అలసిపోవాలి, జారాలి, దారి తప్పాలి అనే లెక్కతోనే ఈ కోటలు కట్టారు. శత్రువు కోసం చేసిన ఆ ఏర్పాట్లు ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి. బ్యాగ్ తగిలించుకుని వెళ్లే ట్రెక్కర్‌కు ఎదురయ్యేది కూడా అవే.

కోటకు సగం పని కొండే చేసింది

తెలంగాణ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకు, వానకు ఈ రాయి ఉల్లిపాయ పొరల్లా పలకలు పలకలుగా ఊడుతూ వచ్చింది. అందుకే ఇక్కడి గుట్టలు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. చేత్తో పట్టుకోవడానికి అంచు దొరకదు. నిచ్చెన వేసినా కింద సమంగా ఆనదు. కోట కట్టాలనుకున్న రాజుకు ఇంతకంటే ఏం కావాలి? నాలుగు వైపులా గోడ కట్టాల్సిన పని లేదు. గుండ్ల మధ్య సందులు మూసేసి, ఎక్కగలిగే ఒకటి రెండు చోట్ల దర్వాజాలు పెడితే సరిపోయేది.

దర్వాజా దాటగానే దారి ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. తలుపును ఢీకొట్టడానికి ఏనుగుకు పరిగెత్తే జాగా దొరకకూడదని ఈ మలుపులు పెట్టేవారు. గోల్కొండలో ఫతే దర్వాజా తలుపులకు ఉన్న ఇనుప ముళ్లు కూడా ఏనుగుల కోసమే. ఇన్ని చేసినా గోల్కొండను ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో గెలుచుకుంది. అదీ గోడ పగలగొట్టి కాదు.. లోపలివాళ్లే రాత్రివేళ తలుపు తీశారు.

భువనగిరి: ఒకే రాయి, 500 అడుగుల పైన కోట

మొదటిసారి ట్రెక్‌కు వెళ్లేవాళ్లకు భువనగిరే సరైనది. నగరం నుంచి సుమారు 50 కిలోమీటర్లు. వరంగల్ హైవేలో వెళ్తుంటే దూరం నుంచే కనిపిస్తుంది. గుడ్డు ఆకారంలో ఒకే ఒక పెద్ద రాయి, ఎత్తు 500 అడుగుల పైమాటే. కోట విస్తీర్ణం దాదాపు 40 ఎకరాలు.

కళ్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 వరకు పాలించాడు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. ఆ బిరుదు మీదే ఇది త్రిభువనగిరి అయింది, జనం నోట భువనగిరిగా మిగిలింది. ఆ తర్వాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు.. తెలంగాణను ఏలినవాళ్లలో ఈ రాయిని వదిలిపెట్టినవాళ్లు తక్కువ.

ఈ కోట చరిత్రలో రాజు కాని ఒక పేరు కూడా ఉంది. సర్వాయి పాపన్న. కల్లు గీసే కులంలో పుట్టి, ఇప్పటి జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్‌లో సొంత కోట కట్టుకుని, మొఘల్ అధికారులను ఎదిరించినవాడు. 1708లో వరంగల్‌పై, అదే ఏడాది భువనగిరిపై దాడి చేశాడు. 1710లో మొఘల్ అధికారులు ఆయనకు మరణశిక్ష వేశారు. అమెరికన్ చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ దక్కన్ సామాజిక చరిత్ర మీద రాసిన పుస్తకంలో పాపన్నకు ఒక పూర్తి అధ్యాయమే కేటాయించారు. భువనగిరి మెట్లెక్కేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారో మరి.

ఎక్కడం గురించి చెప్పాలంటే.. మొదట్లో రాతి మెట్లుంటాయి. కోట ద్వారాలు దాటాక మెట్లు పోయి నున్నటి రాయి మొదలవుతుంది. అసలు ట్రెక్ అక్కడి నుంచే. కొన్ని చోట్ల రెయిలింగ్ ఉంది. మామూలు ఫిట్‌నెస్ ఉన్నవాళ్లు ఆగుతూ ఆగుతూ వెళ్లినా గంటలోపు శిఖరం చేరొచ్చు. పైన మండపంలాంటి పాత కట్టడం, ఆంజనేయస్వామి గుడి, రాతిలో తొలిచిన నీటి గుంటలు కనిపిస్తాయి. గాలి మాత్రం గట్టిగా కొడుతుంది. టోపీ చేత్తో పట్టుకోవాల్సిందే.

ఇక్కడి నుంచి గోల్కొండకు సొరంగం ఉందని గైడ్ల దగ్గర్నుంచి ఊరివాళ్ల దాకా చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ, మధ్యలో ఉన్నది 50 కిలోమీటర్ల గ్రానైట్. తెలంగాణలో సొరంగం కథ లేని కోట దొరకడం కష్టం.

ఇదే గుట్ట మీద రాక్ క్లైంబింగ్ శిక్షణ కూడా జరుగుతుంది. 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు శిఖరం చేరిన ఆనంద్ కుమార్ మొదట తాడు పట్టుకుని రాయి ఎక్కడం నేర్చుకుంది భువనగిరిలోనే. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. అయితే రెయిలింగ్ దాటి రాయి మీద పాకడం వేరు, శిక్షకుల దగ్గర తాడు, హెల్మెట్‌తో ఎక్కడం వేరు. రీల్ కోసం మొదటి పని చేయొద్దు.

స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద భువనగిరి కోటకు రోప్‌వే ప్రాజెక్టు కూడా చేపట్టారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా పైన గాలి పీల్చొచ్చు, మంచిదే. కానీ ద్వారాల మలుపులు, మెట్లు, గోడలు ఏ వరుసలో ఎందుకు వచ్చాయో అర్థం కావాలంటే కనీసం ఒక వైపైనా నడవాలి.

కోనేరు చూడ్డానికి చిన్నదే.. దిగితే తెలుస్తుంది

కొండ మీద ముట్టడిని తట్టుకోవాలంటే గోడల కంటే ముందు నీళ్లు కావాలి. నెలల తరబడి కిందికి దిగకుండా సైనికులు, గుర్రాలు బతకాలి. అందుకే ప్రతి కోటలోనూ రాతి వాలు మీద పడ్డ వాన నీరు వృథా పోకుండా గుంటల్లోకి మళ్లించారు. సహజంగా రాతిలో ఏర్పడిన దొనలను లోతు చేసి, అవసరమైన చోట కట్ట వేశారు. గోల్కొండకైతే కింద నుంచి కూడా నీళ్లు ఎక్కించేవారు. ఇప్పుడు కేబుల్ బ్రిడ్జి మీద జనం ఫొటోలు దిగే దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువే.

ట్రెక్‌కు వెళ్లినవాళ్లు ఎక్కువగా తక్కువ అంచనా వేసేది ఈ గుంటలనే. అంచు నుంచి చూస్తే లోతు తెలియదు. పక్కలు నిటారుగా తొలిచినవి, వాటి మీద పాచి. లోపలికి దిగినవాడు పైకి రావడానికి మెట్టు ఉండదు, పట్టుకోవడానికి చెట్టు వేరు కూడా ఉండదు. ఈత వచ్చినా లాభం లేదు, ఎందుకంటే ఇక్కడ సమస్య బయటికి ఎక్కడమే. కాళ్లు కడుక్కోవడానికి కూడా అంచుకు వెళ్లకపోవడమే మేలు. పిల్లలతో వెళ్లేవాళ్లు కోట పైన చూసుకోవాల్సిన మొదటి చోటు ఇదే.

రాచకొండ: బోర్డులు లేని రాజధాని

భువనగిరి ఎక్కేసి ఇంకా కావాలనుకునేవాళ్లకు రాచకొండ. యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపురం మండలంలో, గుట్టలు అడవి కలిసిన చోట ఉంటుంది. విజయవాడ హైవేలో చౌటుప్పల్ దగ్గర మళ్లి నారాయణపురం వైపు వెళ్లొచ్చు. 2016లో ఏర్పాటైన పోలీస్ కమిషనరేట్‌కు ఈ కొండ పేరే పెట్టారు. దాంతో పేరు అందరికీ తెలిసింది, కోట మాత్రం ఎక్కువమంది చూడలేదు.

1323లో కాకతీయ రాజ్యం పడిపోయాక తెలంగాణలో బలపడిన రేచర్ల పద్మనాయకుల రాజధాని ఇది. వీళ్లలోనే సింగభూపాలుడు ఉన్నాడు. నాటకం, రసం మీద సంస్కృతంలో 'రసార్ణవ సుధాకరం' రాసిన రాజు. కవిసార్వభౌముడు శ్రీనాథుడు కూడా రాచకొండ ఆస్థానానికి వచ్చాడని సాహిత్య చరిత్రలో చెప్పుకుంటారు. అలాంటి చోట ఇప్పుడు ముళ్లకంపలు తప్పించుకుంటూ నడవాలి.

ఇక్కడ చూడాల్సింది గోడలు. పెద్ద పెద్ద బండరాళ్లను సున్నం వాడకుండా ఒకదాని మీద ఒకటి పేర్చారు. ద్వారాలకు నిలువు కమ్మీలు, పైన దూలం అన్నీ ఏకరాతివే. సున్నం లేకపోయినా బరువే వాటిని శతాబ్దాలుగా పట్టి ఉంచింది. కానీ ఒక రాయి కదిలితే పక్కవి కూడా వదులవుతాయి. అందుకే ఆ గోడల మీదకెక్కి నిలబడటం గోడకూ మంచిది కాదు, ఎక్కినవాళ్లకూ మంచిది కాదు.

రాచకొండకు ఒంటరిగా వెళ్లొద్దు. కనీసం నలుగురు ఉండాలి, వీలైతే ఊళ్లో దారి తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లాలి. గుట్ట మీద గుట్ట ఒకేలా కనిపిస్తుంది కాబట్టి వచ్చిన దారి మర్చిపోవడం చాలా తేలిక. ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకుండా మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. శీతాకాలంలో సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. మూడున్నర, నాలుగు కల్లా దిగడం మొదలుపెట్టాలి.

దేవరకొండ, మెదక్, కోయిలకొండ

రాచకొండ పద్మనాయకుల్లోనే మరో శాఖ పాలించింది నల్గొండ జిల్లాలోని దేవరకొండను. ఏడు కొండల నడుమ ఉన్న కోట ఇది. దూరం 100 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి తెల్లవారకముందే బయల్దేరితేనే ఎండ ముదరకముందు ఎక్కగలరు.

మెదక్ కోటను కాకతీయుల కాలంలో కట్టారు. పాత పేరు మెతుకుదుర్గం. ఎక్కడం సులువు. సింహద్వారం మీద గర్జిస్తున్న సింహాలు, గజద్వారం మీద ఏనుగులు ఉంటాయి, రెండు తలల గండభేరుండం కూడా చూడొచ్చు. పిల్లలకు బాగా నచ్చుతుంది. అదే ఊళ్లో 1924లో పూర్తయిన పెద్ద చర్చి ఉంది కాబట్టి ఒకే రోజులో రెండూ అయిపోతాయి.

మహబూబ్‌నగర్ జిల్లా కోయిలకొండ మాత్రం కాస్త కష్టం. లోయ, నిటారు మెట్లు, ఒకదాని తర్వాత ఒకటిగా ఏడు ద్వారాలు. విజయనగరంలో ఏడేళ్లు తలదాచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా 1550లో గోల్కొండ సింహాసనం కోసం తిరిగొస్తూ మొదట ఆగింది ఈ కోటలోనే.

ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి సమయం. మార్చి దాటితే గ్రానైట్ పెనంలా కాలుతుంది. పైన ఎండ, కింద రాయి వేడి కలిసి వడదెబ్బ తగలడానికి ఎంతోసేపు పట్టదు. ఏప్రిల్, మే నెలల్లో తప్పదనుకుంటే ఉదయం తొమ్మిది లోపు దిగిపోవాలి. వానాకాలంలో కొండలు పచ్చగా భలే ఉంటాయి, ఫొటోలకూ బాగుంటుంది. కానీ తడిసిన రాయి మీద పలుచటి పాచి కంటికి కనిపించదు, కాలికే తెలుస్తుంది. ఉరుము వినిపిస్తే శిఖరం మీద ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. ఒంటరి చెట్టు కింద, మండపం స్తంభాలకు ఆనుకుని అసలే నిలబడొద్దు.

మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పట్టున్న రబ్బరు సోల్ బూట్లు.. వీటికి మించి పెద్ద లగేజీ అక్కర్లేదు. ఎక్కేటప్పుడు ఊపిరే ఆడదు అనిపిస్తుంది కానీ ప్రమాదాలకు ఎక్కువ చాన్స్ ఉండేది దిగేటప్పుడే. కాళ్లు వణుకుతుంటాయి, కళ్లు ఫోన్ మీద ఉంటాయి. బండల కింద తేనెపట్టు కనిపిస్తే రాయి విసరడం, పొగ పెట్టడం చేయొద్దు. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం లాంటివి మానేసి, కరిచిన భాగం కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. సాధ్యమైనంత త్వరగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

తవ్వితే నిధి కాదు, కేసు

కోటలకు ట్రెక్కర్ల కంటే పెద్ద బెడద గుప్త నిధుల వేట. రాజుల సొమ్ము పాతిపెట్టి ఉంటుందనే నమ్మకంతో గుడుల ముందు, ద్వారాల కింద తవ్వేస్తుంటారు. పునాది కదిలి గోడ పడిపోతే మళ్లీ నిలబెట్టేది ఎవరు? తాజా గుంటలు, పలుగులు కనిపిస్తే వాళ్లతో వాదనకు దిగకుండా కిందికొచ్చి పోలీసులకు చెప్పడమే సేఫ్. పేర్లు చెక్కడం, పెయింట్‌తో లవ్ సింబల్స్ వేయడం కూడా చిన్న విషయం కాదు. గోల్కొండ లాంటి కేంద్ర రక్షిత కట్టడాలను పాడుచేస్తే 1958 చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రాష్ట్ర పరిధిలోని కట్టడాల కోసం తెలంగాణ వారసత్వ చట్టం 2017 నుంచి ఉంది.

కారు లేనివాళ్లకు భువనగిరే తేలిక. సికింద్రాబాద్–కాజీపేట లైన్లో భువనగిరి స్టేషన్ ఉంది, ఉప్పల్ నుంచి ఆర్టీసీ బస్సులూ దొరుకుతాయి. కోట ఊరి నడుమే ఉంటుంది. పొద్దున్నే కోట ఎక్కి దిగితే మధ్యాహ్నానికి యాదగిరిగుట్ట దర్శనం కూడా చేసుకుని రావొచ్చు.