ఆటోమేటిక్ పికప్పునకు గేర్‌బాక్సు ఉష్ణమాపకం

బళ్ళారి జిల్లా సండూరు తాలూకా యశ్వంతనగర్ పరిసరాలలో, ఇనుప ఖనిజపు కొండల దారులలో, ఎక్కువగా తిరిగే పికప్పులు చేతి గేర్లవే. వాటికి ఈ మాపకంతో అంతగా పనిలేదు. 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్ వంటి ఆటోమేటిక్ డీజిల్ వాహనాల సంగతి వేరు. బరువుతో నెమ్మదిగా ఎత్తెక్కేటప్పుడు టార్క్ కన్వర్టరులో జారుడు పెరిగి, ఆ శక్తి వేడిగా మారి నూనెలో చేరుతుంది. ఇంజను వేడిని చూపే ముల్లు మాత్రం కదలకపోవచ్చును.

సుమారు 80–95 డిగ్రీల సెల్సియస్ మామూలు. 120 దాటి నిలిస్తే నూనె త్వరగా చెడుతుంది. గేర్‌బాక్సు మరమ్మతుకయ్యే ఖర్చు ముందు మాపకం ధర లెక్కలోనిది కాదు.

సెన్సారును ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. కూలరుకు పోయే గొట్టంలో పెడితే వేడి పెరిగిన వెంటనే తెలుస్తుంది గాని ముల్లు ఊగిసలాడుతుంది. అడుగునున్న పాన్‌లో పెడితే నిలకడైన లెక్క వస్తుంది. నిత్యం బరువు మోసేవారికి ఇదే మేలు. అయితే పాన్ బండికి ఉండగానే రంధ్రం చేయరాదు. పని త్వరగా ముగుస్తుందని కొందరు చేస్తారు. ఇనుప రజను వాల్వులలో చేరితే గేర్‌బాక్సే పోతుంది. నూనె తీసి, పాన్ విప్పి, అది ఉక్కుదైతే మరలున్న నట్టును వెల్డింగు చేయించి, శుభ్రపరచి, కొత్త గాస్కెట్టుతో బిగించాలి. వారంటీ ఉన్న బండికి ముందుగా డీలరును అడగాలి.

ఒంటితీగ సెన్సారుకు ఎర్తు లోహం ద్వారానే అందుతుంది గనుక మరలకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టరాదు. తీగను సైలెన్సరు గొట్టానికి దూరంగా నడిపి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజు నుండి మాపకానికి సరఫరా ఇవ్వాలి. కంపెనీ పుస్తకం చెప్పిన వేడి వద్ద నూనె మట్టం సరిచూడాలి.

ఘాటులో ముల్లు 120 దాటితే బండిని పక్కన నిలిపి, గేరును పార్కులో ఉంచి, ఇంజనును నడవనివ్వాలి. ఆపివేస్తే నూనె కూలరుకు చేరదు.