ఏడు తరాలు చూసే తాటాకు

మిథిలలో ఒక కథ చెబుతారు. హరినాథ ఉపాధ్యాయుడనే స్మృతి పండితుడి భార్యకు చండాలుడితో సంబంధం ఉందని అపవాదు పుట్టింది. నిప్పు పరీక్ష పెట్టారు. తాను ఏ చండాలుణ్ణీ చేరలేదని ఆమె ప్రమాణం చేస్తే చెయ్యి కాలింది. కట్టుకున్నవాణ్ణి తప్ప మరే చండాలుణ్ణీ చేరలేదని మళ్ళీ ప్రమాణం చేస్తే కాలలేదు! వంశాలు తవ్వి చూస్తే భార్యాభర్తలు దగ్గరి రక్తసంబంధీకులని తేలింది. పెళ్ళాడకూడనిదాన్ని పెళ్ళాడినవాడు ఆనాటి శాస్త్రం లెక్కలో చండాలుడే. ఆ మాటలోని కులద్వేషం మింగుడుపడదు. కానీ నిందను తెచ్చి మహాపండితుడి నెత్తినే పెట్టిన ఆ ఇల్లాలికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఈ గొడవ తర్వాతే, 14వ శతాబ్ది మొదట్లో, కర్ణాట వంశపు రాజు హరిసింహదేవుడు మైథిల బ్రాహ్మణుల, కర్ణ కాయస్థుల వంశావళులు రాయించాడంటారు. వాటి పేరు పంజీలు. కొద్ది కాలానికే, 1324లో, గియాసుద్దీన్ తుగ్లక్ మిథిల మీద పడ్డాడు. అంతకు ముందటేడే ఆయన కొడుకు మన ఓరుగల్లును పడగొట్టాడు. హరిసింహదేవుడు నేపాల్ కొండల్లోకి పారిపోయాడు. రాజ్యం పోయినా పంజీలు నిలిచాయి.

వాటి వైభవం చూడాలంటే ఒకప్పుడు బీహార్‌లో మధుబని దగ్గరున్న సౌరాఠ్ వెళ్ళాల్సిందే. జ్యేష్ఠ, ఆషాఢ మాసాల్లో అక్కడి తోటలో పెళ్ళి సభ జరిగేది. చెట్ల నీడన చాపలు పరుచుకుని, నెత్తిన పాగ్ అనే తలపాగా పెట్టుకున్న పెళ్ళికొడుకులు పెద్దవాళ్ళతో కూర్చునేవారు. ఆడపిల్లల తండ్రులు తోటంతా తిరిగి చూసేవారు. ఘటకుడు, అంటే వాళ్ళ పెళ్ళిళ్ళ పేరయ్య, మాట కలిపేవాడు. మాట కుదిరితే పంజీలు చూసే పంజీకారుడి దగ్గరికి నడిచేవారు. ఆయన తండ్రి వైపు ఏడు తరాలు, తల్లి వైపు ఐదు తరాలు వెతికి, రక్తం కలవలేదని తేలితేనే తాటాకు మీద రాసిచ్చేవాడు. ఆ అస్వజన పత్రం చేతికొస్తేనే పెళ్ళి. సభకు లక్షమంది చేరిన రోజున అక్కడి రావిచెట్టు ఆకులు వాడిపోతాయని జనం నమ్మేవారు.

అంత సందడిలో పెళ్ళికూతురు మాత్రం ఉండేది కాదు. ఆమె ఇష్టం ఎవరూ అడగలేదు. పైగా పంజీల్లోని హెచ్చుతగ్గులే వ్యాపారానికి దారితీశాయి. గొప్ప వంశపు మగవాళ్ళు కొందరు డబ్బు పుచ్చుకుని ఒకరి మీద ఒకరిగా పెళ్ళాడుతూ, భార్యలను పుట్టిళ్ళలోనే వదిలేసేవారు. వాళ్ళను బికౌవాలనేవారు. రక్తాన్ని అంత జాగ్రత్తగా చూసిన పత్రం ఆ ఆడవాళ్ళ బతుకును చూడలేదు.

మనవైపు లెక్కే వేరు. మేనమామ కూతురినీ మేనత్త కూతురినీ పెళ్ళాడటం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రం ఏనాడో రాసింది. మిథిలలో పెళ్ళిని ఆపే చుట్టరికమే మన ఇళ్ళలో మొదటి హక్కు. 1955 హిందూ వివాహ చట్టం తండ్రి వైపు ఐదు తరాల్లో, తల్లి వైపు మూడు తరాల్లో పెళ్ళిని నిషేధించినా, ఆచారం ఉన్నవాళ్ళకు సడలింపు ఇచ్చింది. మేనరికాలకు అదే రక్ష.

సౌరాఠ్ తోటలో ఇప్పుడు జనం పలచబడ్డారు. సంబంధాలు ఫోన్లో వెతుక్కుంటున్నారు. జీతం, ఎత్తు, నక్షత్రం అడుగుతారు, అమ్మమ్మను కన్నతల్లిది ఏ ఊరో ఎవరికీ అక్కర్లేదు. ఆడపిల్ల నోరు మూయించిన సభ పోతే పోనివ్వండి. తల్లివైపు తరాలను కూడా గుర్తుపెట్టుకునే ఆ ఓపిక పోవడమే నాకు కష్టంగా ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి. అమ్మమ్మల పేర్లూ వాళ్ళు పుట్టిన ఊళ్ళూ రాసిపెట్టుకోండి.