అడవికెందరు, సంతకెందరు?

నిర్మలు నుండి ఆదిలాబాదునకు పోవు పెద్దబాటమీద ఇచ్చోడ యను ఊరు కలదు. ఒకప్పుడు 7వ నెంబరు జాతీయ రహదారియై, నేడు 44వ నెంబరుతో పిలువబడుచున్న ఈ బాట కాశ్మీరమును కన్యాకుమారితో కలుపుచున్నది. దానిమీద రేయింబవళ్లు లారీలు సాగుచుండును. బాట విడిచి తూర్పునకు మరలినచో ఇంద్రవెల్లి, ఉట్నూరు అడవులు. ఆ అడవులలో గోండు గూడెములు. బాటమీది ప్రమాదమునకు పరుగెత్తవలసినవాడును, గూడెములోని తగవును విచారింపవలసినవాడును, సంతలో నిలువవలసినవాడును ఒక్కడే యయినప్పుడు వానిని ఎటు పంపవలెను? పోలీసు శాఖలో దినదినము పుట్టు ప్రశ్న యిది. చూచుటకు కచేరీ కాగితముల సంగతివలె తోచును. కాని ఈ సీమలో దాని చరిత్ర రెండు మారులు నెత్తురుతో ముడివడియున్నది.

సాలార్‌జంగు 1853లో దివాను పదవికి వచ్చునాటికి నిజాము రాజ్యపు పల్లెలకు పోలీసు శాఖ యనదగినది లేదు. శిస్తును గుత్తకు పట్టిన తాలూక్‌దారులు తమ సిబ్బందిని తామే నిలుపుకొనుచుండిరి. కాపలా ఎవరిదో వసూలు ఎవరిదో తెలియని రోజులవి. బల్లెము పట్టినవాడే పన్ను అడుగుచుండెను. 1865లో జిల్లాబందీ జరిగిన పిమ్మట, పోలీసును మాలు శాఖనుండి వేరుచేయు పని మొదలయినది. జిల్లాకు మొహతమీము, ఠాణాకు అమీను, వాని క్రింద జమేదారు, దఫేదారు, జవానులు. 'అమీను సాబు' అను మాట మన పల్లెల ముసలివారి నోట మొన్నమొన్నటివరకు నిలిచియుండెను.

అయినను ఈ ఏర్పాటు రాజ్యమంతటికిని వర్తింపలేదు. దివానీ గ్రామములు ఒక తెగ, సర్ఫెఖాసు మరియొక తెగ, పాయిగాలును జాగీరులును ఇంకొక తెగ. పెద్ద జాగీరుదారులకు సొంత పోలీసు ఉండెను. దొంగ ఒక పొలిమేర దాటినచో వెంటాడువాని అధికారము పొలిమేరతోనే ఆగిపోవుచుండెను. 1949లో జాగీరులు రద్దగువరకు ఈ అతుకుల బొంత తీరనేలేదు.

పల్లెలో నిజమయిన కాపలాదారు జవాను కాడు, పోలీసు పటేలు. మాలీ పటేలు శిస్తు చూచును, పట్వారీ లెక్క వ్రాయును, పోలీసు పటేలు ఊరి శాంతికి పూచీపడును. కొత్తవాడు ఊరిలో దిగినను, అనుమానపు చావు జరిగినను ఠాణాకు కబురు పంపవలసినది అతడే. సర్కారుకు ఇది చౌక బేరము. ప్రతి ఊరికి ఒక జవానును నిలుపు ఖర్చు తప్పినది. అయితే పటేలు ఊరి పెత్తందారుగూడ కావుటచేత, పెత్తందారుమీద ఫిర్యాదు ఎవరితో చెప్పుకొనవలెనను చిక్కు మిగిలినది. ఈ వంశపారంపర్యపు పదవులు 1984 జనవరిలో రద్దయినవి. పటేలుతోపాటు అతడు మోసిన కబురు గూడ పోయినది. దాని స్థానమును పూర్తిగ ఏదియు నింపలేదని మా అభిప్రాయము.

ఇచట కొంచెము లెక్క చూడవలెను. ఒక చోట ఒక్క మనిషి రేయింబవళ్లు కావలి నిలువవలెనన్న ఎందరు కావలెను? ఎనిమిది గంటల వంతులయినచో ముగ్గురని చప్పున చెప్పుదుము. కాని ఏడాదికి 365 దినములు, దినమునకు మూడు వంతులు, మొత్తము 1095 వంతులు. వారపు సెలవు, పండుగలు, జబ్బులు, కోర్టు వాయిదాలు, శిక్షణ మొదలయినవి పోగా ఒక మనిషి ఏడాదికి 220 దినములు చేతికి దొరకుననుకొందము. 1095ను 220చేత భాగించినచో అయిదుగురు తేలుదురు. అనగా పటములో ఒక్క చుక్క నిలుపుటకు జీతపు పట్టీలో అయిదు పేర్లుండవలెను. ఆ అయిదుగురు లేనిచోట ఇద్దరో ముగ్గురో ఆ బరువు లాగుదురు. అప్పుడు గస్తీ పుస్తకములో సంతకము మిగులును గాని గస్తీ మిగులదు.

ఇట్టి లెక్కలు పాశ్చాత్య దేశములలో ముందుగ పుట్టినవి. 1829లో లండనులో రాబర్టు పీలు పోలీసును నెలకొల్పినప్పుడు కొలమానము కాలినడకయే; ఒక కానిస్టేబులు నడచి చుట్టి రాగలిగినంత మేర అతని వంతు. అమెరికాలో ఓ. డబ్ల్యు. విల్సను అను పోలీసు పండితుడు, ఏ వాడలో ఎన్ని పిలుపులు, ఎన్ని నేరములు, ఏ జామున ఎక్కువ యని తూచి, ఆ తూకమునుబట్టి మనుష్యులను పంచవలెనని బోధించెను. 1972-73లో కాన్సాసు నగరమున ఒక వింత పరీక్ష జరిగినది. 15 గస్తీ వంతులను తీసికొని, అయిదింట గస్తీ బండ్లను మాన్పించి పిలిచినప్పుడే పంపిరి. అయిదింట బండ్లను రెండు మూడు రెట్లు పెంచిరి. తక్కిన అయిదింటిని యథాతథముగ ఉంచిరి. ఏడాది గడచినను నేరములలో గాని, ప్రజల భయములో గాని చెప్పుకోదగిన భేదము కనబడలేదు! తరువాత మినియాపొలిసులో లెక్క తీయగా, పిలుపులలో సగము నూటికి మూడు చిరునామాలనుండియే వచ్చుచున్నవని తేలెను. ఊరంతయు తిరుగుటకంటె ఆ కొద్ది చోట్లనే నిలుచుట మేలని అక్కడివారు గ్రహించిరి.

మంచిదే. కాని ఈ లెక్కలన్నియు పిలుపుమీద ఆధారపడినవి. పిలువనివాని సంగతి ఏమి? ఠాణా దూరమైనవాడు, అమీను భాష రానివాడు, పోయినను వినరని ఎరిగినవాడు పిలువడు. వాని గూడెము లెక్కలో సున్నయై కూర్చుండును. ఆదిలాబాదు అడవి అట్టి సున్న.

1872లో సిర్పూరు-తాండూరు ఉపజిల్లాగ ఏర్పడిన ఈ సీమ 1905లో పూర్తి జిల్లా అయినది. అడవిని సర్కారు గిరిగీసి కట్టుదిట్టము చేసిన కొలది, పోడు కొట్టుకొని బ్రతికిన గోండులు, కోలాములు తాము దున్నిన నేలమీదనే అక్రమదారులైరి. గూడెమువాడు తరచు చూచిన సర్కారు మనిషి జంగ్లాతు చౌకీదారు, కాదన్నచో పట్వారీ. పశువుల మేతకు, కట్టెకు, నాగలి మానుకు అడిగినదెల్ల ఇచ్చుకొనవలసివచ్చెను. ఈ బాధను ఆలకించుటకు పోలీసు రాలేదు. 1940లో కొమురం భీము జోడేఘాటు కొండమీద ఎదురు తిరిగినప్పుడు మాత్రము సాయుధ బలగము వచ్చినది. భీముడును అతని వెంట ఉన్న మరికొందరును తుపాకులకు బలియైరి. నేటికిని ఆశ్వయుజ పౌర్ణమినాడు అచట వారిని తలచుకొందురు.

ఆ తరువాతనే నిజాము ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడగు హైమన్‌డార్ఫును గోండుల నడుమకు పంపినది. ఆయన మార్లవాయిలో మకాము పెట్టి, ఈ తిరుగుబాటు మూలము నేలలో ఉన్నదని, తుపాకిలో లేదని నివేదించెను. గోండులకు పట్టాలు, బడులు వచ్చినవి; 1946లో గిరిజన ప్రాంతములకు ప్రత్యేక శాసనము వచ్చినది. కేస్లాపురములో నాగోబా జాతరవేళ దర్బారు నడపి, అధికారులే గూడెములవారి ఎదుట కూర్చుండి మొరలు వినునట్లు చేసెను. పోలీసు చరిత్ర వ్రాయువారు ఈ దర్బారును లెక్కలోనికి తీసికొనరు. మేము తీసికొందుము. ఒక దినము మొర వినుట ఒక పటాలము రాకను తప్పింపవచ్చును.

1948 సెప్టెంబరు సైనిక చర్య, 1956లో ఆంధ్రప్రదేశావతరణము, రెండు పోలీసు శాఖల కలయిక: ఇవన్నియు బిరుదులను, దుస్తులను మార్చినవి. అడవి దూరము మారలేదు. వెలుపలినుండి వచ్చి స్థిరపడినవారి చేతికి భూములు జారిపోవుచుండెను.

1981 ఏప్రిల్ 20, సోమవారము. ఇంద్రవెల్లిలో సంత దినము. గిరిజన రైతుకూలీ సంఘము ఆనాడు సభ తలపెట్టగా అనుమతి నిరాకరింపబడినది. నిషేధపుటుత్తర్వు కాగితముమీద ఉన్నది. ఆ కాగితము కాలినడకన వచ్చు గూడెములకు చేరు దారి ఏది? సంతకు వచ్చినవాడెవడో, సభకు వచ్చినవాడెవడో వేరుపరచుటకు అచటి ముఖములు ఎరిగిన మనిషి కావలెను. తుపాకులు పేలినవి. మృతులు 13 మంది యని సర్కారు లెక్క; అంతకు పెక్కురెట్లని హక్కుల సంఘములవారి లెక్క. అచట నిలిపిన స్తూపము 1986లో కూల్చబడి, మరుసటి యేడు తిరిగి లేచినది. పిమ్మట పెక్కేండ్లు ఏప్రిల్ 20 వచ్చినదన్న 144వ సెక్షను, చుట్టుపట్ల ఠాణాలనుండి బలగములు. దుఃఖమునకు కావలి కాయుటకు ఎందరు జవానులు ఎన్ని దినములు పనిచేసిరో ఎవరైనను కూడి చూచినచో బాగుండును.

నక్సలైటు ఉద్యమకాలమున ఈ సీమ ఠాణాలకు ఎత్తయిన గోడలును ముళ్లకంచెలును వచ్చెను. 1989లో గ్రేహౌండ్సు దళము పుట్టినది. అడవియుద్ధమునకు ప్రత్యేక బలగమేర్పడినది గాని, కంచె లోపలి కానిస్టేబులు ఊరిలోనికి నడచు అలవాటు సన్నగిల్లినది.

2011 జనాభా లెక్కలు చూడుడు. ఉమ్మడి కరీంనగరము 11,823 చదరపు కిలోమీటర్లు, 37,76,269 మంది. ఉమ్మడి ఆదిలాబాదు 16,128 చదరపు కిలోమీటర్లు, 27,41,239 మంది. తలకు లెక్కగట్టి పంచినచో కరీంనగరమునకు ఎక్కువ మంది పోదురు. నేలకు లెక్కగట్టినచో ఆదిలాబాదునకు పోదురు. రెండు లెక్కలును న్యాయమే, రెండును చాలవు. వాగు పొంగిన రోజున పది కిలోమీటర్లు నలువదికి సమానమగునని ఏ పట్టీలోను వ్రాయరు.

2016 అక్టోబరు 11న ఆదిలాబాదు నాలుగు జిల్లాలుగ చీలినది. నిర్మలు వేరయినది; మంచిర్యాల రామగుండము పోలీసు కమిషనరు క్రిందికి పోయినది; జోడేఘాటు గల ఆసిఫాబాదు జిల్లా, ఒకనాడు పోలీసు తుపాకికి బలియైన కొమురం భీము పేరనే వెలసినది. ఇచ్చోడ ఆదిలాబాదులోనే మిగిలినది. పుష్య అమావాస్యకు మెస్రం వంశమువారు కేస్లాపురమునకు గంగాజలము తెచ్చునప్పుడు, బందోబస్తు జాబితా జిల్లా కచేరీలో నేటికిని తయారగును. జాతర ముగియగానే వచ్చినవారు ఎవరి ఠాణాకు వారు మరలిపోదురు.