మల్లె ఆయుర్దాయము

మల్లె మొక్క ఎన్నేండ్లు బ్రతుకుతుంది? ఈ ప్రశ్నకు రెండు సమాధానములు చెప్పవలసి ఉంటుంది. తోటలో నాటిన మొక్క రెండు మూడు సంవత్సరములలో బాగుగా పూతకు వచ్చి, శ్రద్ధతో సాకినచో 12 నుండి 15 సంవత్సరముల వరకు లాభసాటిగా పూస్తుంది. పెరటిలోని మొక్క అంతకు మించి కూడ నిలువవచ్చును. ఇది మొదటి సమాధానము. రెండవది మొక్కను గూర్చినది కాదు, దాని వంశమును గూర్చినది. ఆ వంశము వయస్సును శతాబ్దములతో లెక్కింపవలెను. ఈ రెంటికి నడుమ ఇంత వ్యత్యాస మేల కలిగినదో మల్లె చరిత్రవలన తెలుస్తుంది.

మనము పెంచే గుండుమల్లె, దొంతరమల్లె సాధారణముగా గింజ కట్టవు. పువ్వు వాడి రాలిపోవుటే కాని కాయగా మారుట అరుదు. దీనికి ఒక కారణము కొన్ని రకముల క్రోమోసోములలో ఉన్నది. మల్లె కణములో మామూలుగా 26 క్రోమోసోములు, అనగా 13 చొప్పున రెండు వరుసలు ఉంటవి. మూడు వరుసలు, అనగా 39 క్రోమోసోములు గల రకములు కూడ కలవు. బీజకణములు ఏర్పడునపుడు మూడు వరుసలు సమముగా రెండు పాళ్లు కాజాలవు. అందువల్ల గింజ పట్టదు. గింజ లేని మొక్క ఊరు దాటవలెనన్న, తరము దాటవలెనన్న, మనుష్యుని చేయి తప్పదు.

ఆ చేతుల జాడలు మల్లె పేర్లలో నిలిచి ఉన్నవి. సంస్కృతమున ఇది మల్లిక. చైనా భాషలో దీనిని ‘మోలీ’ అంటారు. అది మల్లిక అను మాటనుండి పుట్టినదే. జీ హాన్ పేరున ప్రసిద్ధమైన ప్రాచీన వృక్షగ్రంథము, విదేశీయులు దక్షిణ చైనాకు తెచ్చిన మొక్కలలో దీనిని పేర్కొన్నది. ఫూజౌ నగరములో తేయాకునకు మల్లెల పరిమళము పట్టించు వృత్తి వర్ధిల్లినది. అచ్చటి మల్లె, తేయాకు సాగు పద్ధతిని 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వములలో చేర్చినది. ఫిలిప్పీన్స్ దేశము 1934లో మల్లెను తన జాతీయ పుష్పముగా ప్రకటించుకొన్నది.

అరబ్బులు మల్లెల తైలమును ‘జన్బక్’ అన్నారు. ఆ మాటయే ‘సంబక్’ రూపమున శాస్త్రనామములోనికి ఎక్కినది. 1753లో స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయస్, మల్లెను పారిజాతముతో కలిపి ‘రాత్రి పూచునది’ అను అర్థము గల నిక్టాంథస్ ప్రజాతిలో ఉంచినాడు. 1789లో ఇంగ్లండులోని క్యూ ఉద్యానవనపు అధికారి ఎయిటన్ దానిని జాజుల ప్రజాతికి మార్చగా, జాస్మినమ్ సంబక్ అను నేటి నామము ఏర్పడినది.

దొంతరమల్లె ఇటలీలో ఒక ముచ్చటైన చరిత్ర గడించినది. టస్కనీని 1670 నుండి 1723 వరకు పాలించిన మూడవ కోసిమో ప్రభువు గోవానుండి దీనిని తెప్పించినాడని చెబుతారు. కాస్టెల్లో ఉద్యానవనములో ఈ మొక్కల కొరకే ఒక వెచ్చని గృహము కట్టించినారు. ప్రభువు ఒక్క కొమ్మనైనను బయటికి పోనీయలేదనియు, ఒక తోటమాలి తాను పెండ్లాడబోవు కన్యకు రహస్యముగా ఒక కొమ్మ నిచ్చినాడనియు ఒక కథ ప్రచారములో ఉన్నది. కథ మాట ఎట్లున్నను అందులోని శాస్త్రము నిజమే. గింజ లేని మొక్క ఒక్కచోటనే బంధింపబడినచో, ఆ చోట తెగులు గాని మంచు గాని తగిలిన నాడు వంశమే అంతరించును. పంచిపెట్టుటే దానికి రక్ష.

కత్తిరించిన కొమ్మ మరల మొక్క ఎట్లగును? కొమ్మ చివరను, కణుపులందును నిరంతరము విభజన చెందగల కణజాలము ఉంటుంది. 1928లో హాలండు శాస్త్రజ్ఞుడు వెంట్, ఓటుగింజల మొలకల కొనలలో పెరుగుదలను నడిపించు పదార్థమును వేరుచేసి చూపినాడు. దానికే ఆక్సిన్ అని పేరు. లేత ఆకులనుండియు మొగ్గలనుండియు దిగివచ్చు ఆక్సిన్ కోసిన కొన దగ్గర చేరి వేళ్లను పుట్టిస్తుంది. అట్లు పుట్టిన మొక్కకు తల్లి లక్షణములన్నియు ఉంటవి. తల్లికి సోకు తెగుళ్లకు లొంగు గుణము కూడ ఉంటుంది.

ఇక పోషణ. మల్లెకు ఎండ పుష్కలముగా కావలెను. నీరు నిలువని ఎఱ్ఱ గరపనేల శ్రేష్ఠము. పూలు కొత్త చిగుళ్ల మీదనే పూస్తవి కనుక ఏటేటా కత్తిరింపు అవసరము. నవంబరు చివర నీరు తగ్గించి, ఆకు రాలిన పిమ్మట, నేలకు సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తున కత్తిరించి, ఎండుపుల్లలు తీసివేసి, పశువుల ఎరువు వేసి మరల నీరు పెట్టవలెను. సున్నము ఎక్కువగా ఉన్న నేలలో ఇనుము అందక లేత ఆకులు పసుపుబారుతవి. అప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి చల్లవలెను. వేరుకుళ్లువలన కూడ ఆకులు పసుపుబారును గనుక ముందుగా వేళ్లను పరీక్షించుట మంచిది.

మొక్క ముదిరి పూత తగ్గకముందే వారసులను సిద్ధము చేయవలెను. వానకాలములో కొమ్మను వంచి, ఒక కణుపు వద్ద బెరడు కొంచెము గీసి మట్టిలో అంటు త్రొక్కవచ్చును. లేదా జానెడు కొమ్మలను ఇసుకలో నాటవచ్చును. పాఠశాల తోటలో విద్యార్థులు ఆకులున్న కొమ్మలను, ఆకులు త్రుంచిన కొమ్మలను వేరు వేరుగా నాటి, వేళ్లు ఎందులో ముందు వచ్చునో లెక్క వ్రాసిన చాలు. ఆక్సిన్ పాఠము కంటి కెదుట కనబడుతుంది. వేళ్లు దిగిన మొక్కలను తలా ఒకటి ఇంటికి పంపినచో, ఒక పాత మల్లె ఆయుర్దాయము మరికొన్ని సంవత్సరములు పెరిగినట్లే.