ఆడవాళ్ళ పెట్టె

నిడదవోలుకు రైలు రాకముందే ఆడవాళ్ళ పెట్టెకు చట్టం వచ్చింది. 1890 నాటి రైల్వే చట్టం 64వ సెక్షను ప్రకారం, 1891 జనవరి 1 నుంచి ప్రతి ప్రయాణికుల బండిలోనూ అన్నిటికన్నా తక్కువ తరగతిలో కనీసం ఒక గదిని స్త్రీలకే వదలాలి. బండి యాభై మైళ్ళు మించి వెళ్ళేదైతే ఆ గదికి మరుగుదొడ్డి ఉండాలి. తెలిసీ అందులోకి చొరబడ్డ మగవాడికి వంద రూపాయల దాకా జరిమానా, పైగా కొన్న టికెట్టు కూడా దండగ. బెజవాడ నుంచి కటకం వైపు ఈస్ట్‌కోస్ట్ రైలుమార్గం 1893-96 మధ్య తెరిచారు. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన పూర్తయి బండి నది దాటింది 1900లో. అంటే మన ఊళ్ళ ఆడవాళ్ళు రైలెక్కిన మొదటి రోజు నుంచే వాళ్ళకంటూ ఒక గది ఉండాల్సిందే.

ఆ రోజుల్లో వంద రూపాయలు చిన్న సొమ్ము కాదు. మూడో తరగతిలో వెళ్ళే పేద స్త్రీని ఆ చట్టం గుర్తుపెట్టుకోవడం కూడా మంచి సంగతే. కానీ అప్పుడే పడిన ఒక అలవాటు ఇప్పటికీ మనల్ని వదల్లేదు: ఆడదాన్ని పక్కన కూర్చోబెడితే పనైపోయిందనుకోవడం. ఆ గది బయట, ప్లాట్‌ఫారం మీద, మెట్ల మీద, టికెట్ల వరుసలో ఆమెకు ఏమైనా జరిగితే ఎవరు పట్టించుకోవాలో ఆ ఏర్పాటు చెప్పలేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో స్త్రీ మర్యాదకు భంగం కలిగించేవాళ్ళను శిక్షించే 354, 509 సెక్షన్లు ఉండేవి. అయితే ఫిర్యాదు చేయాల్సింది ఆమే, సాక్షిని వెతుక్కోవాల్సిందీ ఆమే.

నిడదవోలు జంక్షన్‌లో ఈ లోటు బాగా తెలుస్తుంది. ప్రధాన మార్గం నుంచి భీమవరం, నరసాపురం వైపు లైను విడిపోయేది ఇక్కడే. తణుకు, అత్తిలి వైపు పోయే విద్యార్థినులు, ఉద్యోగినులు బండి మారాలంటే ఇక్కడ దిగి కాచుకోవాలి. పాసింజరు బళ్ళలో ఆడవాళ్ళ పెట్టె తరచుగా గార్డు పెట్టెను ఆనుకుని చివర ఉంటుంది. చిన్న స్టేషన్లలో అది ప్లాట్‌ఫారం షెడ్డు దాటిపోయి చీకట్లో ఆగుతుంది. జనం ఉన్నప్పుడు అక్కడ ఆడవాళ్ళకు ధైర్యమే. ఒక్కతే మిగిలితే మాత్రం కేక వేసినా వినేవాళ్ళుండరు. 2011 ఫిబ్రవరిలో కేరళలో ఎర్నాకుళం-షొర్నూరు పాసింజరులో జరిగింది అదే. ఖాళీ అయిన మహిళల పెట్టెలో ఒంటరిగా ఉన్న యువతి మీద దాడి జరిగింది, ఆమె ప్రాణం పోయింది. 2025 అక్టోబరులో సంత్రాగచ్చి-చర్లపల్లి ప్రత్యేక రైలులో, రాజమండ్రిలో ఎక్కిన మహిళ మీద గుంటూరు దాటాక మహిళల పెట్టెలోనే అత్యాచారం జరిగింది. 1989 రైల్వే చట్టం చొరబాటుకు జరిమానాను 500 రూపాయలకు పెంచింది. కాపలా లేని పెట్టెకు ఆ 500 ఏం అడ్డు?

బస్సు కథ వేరు. అక్కడ ఏకాంతం లేదు, ఉన్నదల్లా రద్దీ. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్‌టీసీ ఏర్పడింది. దాని పల్లెవెలుగు బస్సుల్లో ముందువైపు సీట్లు ఆడవాళ్ళకని రాసి ఉంటుంది, రెండు తలుపులున్న వాటిలో ముందు తలుపు వాళ్ళకూ వెనక తలుపు మగవాళ్ళకూ అన్న మర్యాద ఉంటుంది. కాలేజీ వేళకు ఆ గీతలన్నీ చెరిగిపోతాయి. పైన కమ్మీ పట్టుకుని నిలబడ్డ పిల్ల పుస్తకాల సంచీని గుండెలకు అడ్డంగా పెట్టుకుంటుంది, రెండో చేతి వేళ్ళ మధ్య పిన్నీసు దాచుకుంటుంది. ఆ పిన్నీసు తల్లి కూతురికి నేర్పింది. తల్లికి ఎవరు నేర్పారో అడగక్కర్లేదు. పక్కవాడిని గట్టిగా నిలదీస్తే, "సర్లేమ్మా, బస్సన్నాక తగలదా" అనేవాళ్ళే ఎక్కువ. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. చెయ్యి వేసినవాడు ఒక్కడే, వాడికి దారి ఇచ్చింది మాత్రం బస్సంతా.

శిక్షలు తక్కువై ఇలా జరిగిందా అంటే, అలా కూడా అనలేం. 1991లో ఆంధ్రప్రదేశ్ 354వ సెక్షనును సవరించి, మామూలుగా ఐదేళ్ళకు తగ్గని, ఏడేళ్ళ దాకా వెళ్ళే శిక్ష పెట్టింది. అప్పటికి దేశమంతటా ఉన్న గరిష్ఠ శిక్ష రెండేళ్ళే. అంత కఠినమైన చట్టం ఉన్న రాష్ట్రంలోనే పిన్నీసు అవసరం తీరలేదు. ఎందుకంటే బస్సులో జరిగింది బస్సు దిగేలోపే మాసిపోతుంది: సాక్షులు వాళ్ళ వాళ్ళ స్టాపుల్లో దిగిపోతారు.

నా దృష్టిలో అసలు మలుపు 2012 నవంబరు 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. తమిళనాడులో ఒక బస్టాండులో మహిళను వేధించిన పోలీసు మీద వచ్చిన కేసు అది. బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో మఫ్టీలో మహిళా పోలీసులు ఉండాలని కోర్టు చెప్పింది. బస్సులో వేధింపు జరిగిందని బాధితురాలు చెబితే, సిబ్బంది బస్సును దగ్గరి పోలీసు స్టేషనుకు తీసుకుపోవాలని, లేకపోతే పర్మిట్టు రద్దు కావాలని కూడా చెప్పింది. బాధ్యత బండి నడిపేవాళ్ళ మీద పడింది. పదహారు రోజులకు, డిసెంబరు 16న, ఢిల్లీ బస్సులో యువతి మీద జరిగిన సామూహిక అత్యాచారం దేశాన్ని కుదిపేసింది. 2013లో కొత్త చట్టం వచ్చింది. ఆ హోరులో కండక్టరుకు చెప్పిన మాట జనానికి చేరనేలేదు.

2020 ఫిబ్రవరి 8న రాష్ట్రంలో ఆడవాళ్ళ రక్షణకు పెట్టిన మొదటి దిశ పోలీసు స్టేషను నిడదవోలుకు దగ్గర్లోనే, రాజమండ్రిలో మొదలైంది. 2019 డిసెంబరులో శాసనసభ ఆమోదించిన దిశ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. దిశ యాప్ మాత్రం పనిచేసింది. ఆ స్టేషను మొదలై మూడు రోజులు తిరక్కుండానే, విశాఖ నుంచి విజయవాడ వెళ్ళే బస్సులో తోటి ప్రయాణికుడు వేధిస్తున్నాడని ఒక మహిళ తెల్లవారుజామున యాప్‌లో మీట నొక్కితే, ఏలూరు దగ్గర నిమిషాల్లో పోలీసులు బస్సును అందుకున్నారు. రైలులో అయితే ఇప్పుడు 139కి ఫోన్ చేయవచ్చు. కేసు ఏ పోలీసు స్టేషను పరిధిదైనా దిగిన చోటే జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు. నిడదవోలులో జరిగిందాన్ని భీమవరంలో దిగి చెప్పే అమ్మాయికి ఇది పెద్ద ఊరట.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమైంది. పక్కన మరో నలుగురు ఆడవాళ్ళుంటే అదే పెద్ద అండ, కాబట్టి ఆడవాళ్ళతో పెరిగే ఈ రద్దీ మేలే చేస్తుందని నమ్ముతున్నాను. దానితోపాటు ఒక పని కావాలి. 2012 తీర్పులో బస్సు సిబ్బంది గురించి ఉన్న ఆ రెండు వాక్యాలను ప్రతి బస్సులో, డ్రైవరు వెనక అద్దం మీద తెలుగులో రాయించాలి. బండిని పోలీసు స్టేషనుకు తిప్పిన కండక్టరుకు ఆ ట్రిప్పు ఆలస్యం లెక్కలోకి రాదని డిపో నుంచి లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి.