పాతపట్నం చేరిన ఆస్ట్రియా తూటా

పాతపట్నం చుట్టుపక్కల లైసెన్సు రైఫిలు ఉన్న ఇల్లు దొరకడం కష్టం. దొరికితే మాత్రం అది .315 అయ్యే అవకాశమే ఎక్కువ. తుపాకి బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీది, తూటా పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీది. చూస్తే అంతా మన దేశపు సరుకే. కానీ ఆ తూటా పుట్టింది 1890 ప్రాంతంలో, ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో, ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి సైన్యం వాడే మాన్‌లిషర్ రైఫిలు కోసం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆల్ప్స్ కొండల మీద ఇటలీ సైనికుల పైకి పేలింది అదే. 1918లో ఆ సామ్రాజ్యం పోయింది. 1930లో ఆస్ట్రియా సైన్యం ఇంకా పొడుగైన తూటాకి మారిపోయింది. మన ప్రభుత్వ ఫ్యాక్టరీలు మాత్రం పాతదాన్ని వదల్లేదు.

ఈ సంగతి తెలిసిన రోజు నుంచీ నాకు తూటాల చరిత్ర పిచ్చి పట్టుకుంది. ఎక్కడి వియన్నా, ఎక్కడి మహేంద్రతనయ ఏటి ఒడ్డు! ఈ రెంటినీ కలిపిందేమిటి?

ఎన్నికలొచ్చినప్పుడు లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పగించమంటారు. అలా అప్పగించడానికి బయల్దేరిన ఒక పెద్దాయన తన తూటాలు నాకు చూపించారు. ఇత్తడి గొట్టం వెనక అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, తుపాకిలోంచి లాగేటప్పుడు పట్టు దొరకడానికి. అడుగున కె.ఎఫ్. అని అక్షరాలు. గొట్టం పొడవు 50 మిల్లీమీటర్లు, అంటే త్రీనాట్‌త్రీ (.303) గొట్టం కంటే 6 మిల్లీమీటర్లు పొట్టి. మెడ దగ్గర సన్నబడి, ముందు మొద్దుగా గుండ్రటి గుండు. .315 అంగుళమంటే సరిగ్గా 8 మిల్లీమీటర్లు. ఆస్ట్రియా వాళ్లు దీన్ని 8 మిల్లీమీటర్ల తూటా అనే పిలిచారు.

"ఇది ఆస్ట్రియా తూటా అండి," అన్నాను.

"ఆస్ట్రియా ఏటి బాబూ! మా నాన్న కాలం నుంచీ ఇదే కదా, మన గవర్నమెంటుదే," అన్నారాయన.

ఆయన మాటా నిజమే. ఇది ఈ దేశానికి రావడానికీ, ఇక్కడే ఉండిపోవడానికీ కారణం గవర్నమెంటే.

బ్రిటిష్ సైన్యం వాడేది .303. ఆ కొలత తూటాను మామూలు జనం చేతికి ఇవ్వకూడదని ఇక్కడి సర్కారు పట్టు. బందిపోటో, తిరుగుబాటుదారుడో సైనికుడి రైఫిలు ఎత్తుకుపోయినా, బజార్లో తూటా దొరక్కపోతే ఆ రైఫిలు కర్రతో సమానం. మరి వేటగాళ్లకి ఏదో ఒకటి అమ్మాలి కదా. ఇంగ్లండులోని బి.ఎస్.ఎ. కంపెనీ తన లీ-స్పీడ్ వేట రైఫిళ్లను ఇలాంటి మార్కెట్ల కోసం మాన్‌లిషర్ తూటా కొలతలో తయారు చేసింది. రెండు తూటాల వెనక అంచూ దాదాపు ఒకే తీరు కాబట్టి లీ రైఫిలు యంత్రంలో పెద్ద మార్పు అక్కర్లేకపోయింది. ఇషాపూర్ వాళ్ల రైఫిలు కూడా ఆ త్రీనాట్‌త్రీ యంత్రం మీదే కట్టింది. అలా తమ సైన్యపు తూటాను దాచిపెట్టి, పరాయి సైన్యపు తూటాను రైతుకిచ్చారు.

ఈ భయం 1857 నాటిది. కొవ్వు పూసిన ఎన్‌ఫీల్డు తూటా కథ బడిలో అందరం చదివాం. ఆ తర్వాత జరిగింది పాఠాల్లో లేదు. ఎన్‌ఫీల్డు గొట్టం లోపల మెలికల గాడులుంటాయి, గుండు తిరుగుతూ సూటిగా పోవడానికి. తిరుగుబాటు అణిగాక దేశీ సిపాయిల కోసం .577 గొట్టాన్ని .656కి తొలిచి, గాడులు లేని నున్నటి తుపాకులు చేయించారు. బయటికి అదే ఎన్‌ఫీల్డు, లోపల గురి లేదు. తర్వాతి కాలంలోనూ అదే పద్ధతి: తెల్ల సైనికుడికి మార్టిని-హెన్రీ వస్తే సిపాయికి స్నైడరు, వాళ్లకి లీ-మెట్‌ఫర్డ్ వస్తే వీళ్లకి మార్టిని. 1878 ఆయుధాల చట్టం ఈ భయాన్ని మామూలు జనం దాకా తెచ్చింది. యూరోపియన్లకు అందులో మినహాయింపు ఉండేది.

ఇక నాకు బాగా ఇష్టమైన కాలానికి వస్తాను. 1898 నుంచి 1912 దాకా. లండన్ తుపాకి పనివాళ్ల స్వర్ణయుగం అది. దానికి ఊపిరి పోసింది మాత్రం ఇండియా సర్కారు ఉత్తర్వు ఒకటి.

1898లో జాన్ రిగ్బీ కంపెనీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చింది. అప్పటిదాకా ఏనుగు, అడవిదున్న వేటకి భుజం విరిచే, నల్ల తుపాకిమందుతో పేలే పెద్ద పెద్ద తుపాకులు మోసేవాళ్లు. పేలిస్తే ఎదుట పొగ తప్ప ఏమీ కనిపించేది కాదు. ఈ కొత్త జంట గొట్టాల రైఫిలు 31 గ్రాముల గుండును సెకనుకు 655 మీటర్ల వేగంతో పంపేది, పొగ లేదు. సంస్థానాధీశులూ కలెక్టర్లూ అటవీ అధికారులూ అందరూ దాని వెంటపడ్డారు.

1907లో ఇండియా సర్కారు .450 కొలత రైఫిళ్ల, తూటాల దిగుమతిని నిషేధించింది. సూడాన్‌లోనూ అదే నిషేధం. కారణం పాత మార్టిని-హెన్రీ. దాని తూటా కొలత కూడా .450 కిందే లెక్క. సైన్యంలోంచి జారిపోయిన మార్టినిలు ఊళ్లలో చాలానే ఉన్నాయి. ఎవరైనా వేట తూటాల్లోంచి గుండ్లు ఊడదీసి మార్టిని గొట్టాల్లో ఎక్కిస్తే? ఆ అనుమానంతో ఒక పెద్ద వ్యాపారాన్నే ఆపేశారు.

అప్పుడు లండన్, బర్మింగ్‌హామ్ పనివాళ్లు చేసినది చూస్తే ముచ్చటేస్తుంది. ఇండియా మార్కెట్టు పోతే వాళ్లకి కూడు లేదు. .450 కాకూడదు, దాని పని మాత్రం చెయ్యాలి. హాలండ్ అండ్ హాలండ్ .465 తెచ్చింది. జోసెఫ్ లాంగ్ కంపెనీ .470 తెచ్చింది. జెఫ్రీ .475 నంబర్ 2, వెస్ట్‌లీ రిచర్డ్స్ .476. అన్నీ ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. .450కీ .470కీ గుండు మందంలో తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. ఆ కాస్త తేడా చాలు, చట్టం దాటడానికి. .450ని కన్న రిగ్బీ కంపెనీయే చివరికి లాంగ్ కంపెనీ .470ని పెంచుకుంది. ఇవాళ ఆఫ్రికాలో ఏనుగుల వెంట తిరిగే వేటగాళ్లు జంట గొట్టాల రైఫిలు అనగానే ముందు చెప్పే పేరు .470. ఆ ఒక్క ఉత్తర్వు వెలువడకపోతే ఆ తూటాకి ఇంత పేరు వచ్చేదే కాదు.

ఆ పద్నాలుగేళ్లలోనే .404 జెఫ్రీ, .416 రిగ్బీ, .318 వెస్ట్‌లీ రిచర్డ్స్, 1912లో .375 హాలండ్ అండ్ హాలండ్ వచ్చాయి. వీటిలో .375 నూరేళ్లు దాటినా చెక్కుచెదరలేదు.

పులుల వేటగాడు జిమ్ కార్బెట్ తుపాకి కథా ఈ కాలానిదే. 436 మందిని చంపిందని పేరుపడ్డ చంపావత్ ఆడపులిని 1907లో కార్బెట్ చంపితే, సంయుక్త రాష్ట్రాల (యునైటెడ్ ప్రావిన్సెస్) లెఫ్టినెంట్ గవర్నర్ హ్యూయెట్ ఆయనకొక రిగ్బీ రైఫిలు బహూకరించాడు. దాని కొలత .275. ఇంగ్లీషు అంగుళాల పేరు తగిలించారు గానీ, లోపల ఉన్నది జర్మనీ వాళ్ల 7 మిల్లీమీటర్ల మౌజరు తూటా. అంతకు కొద్ది ఏళ్ల ముందే దక్షిణాఫ్రికాలో బోయర్లు బ్రిటిష్ సైనికుల్ని దూరం నుంచి గురిచూసి కొట్టింది దానితోనే. మన తెలుగు నేల మీద నరమాంసానికి మరిగిన మామండూరు పులిని కెన్నెత్ ఆండర్సన్ వేటాడిన కథ చదివినవాళ్లకు ఆయన అమెరికన్ రైఫిలు గుర్తుండే ఉంటుంది: 1895 మోడల్ వించెస్టర్, .405. వేటగాళ్ల చేతుల్లో జర్మనీ, ఆస్ట్రియా, అమెరికా తూటాలన్నీ తిరిగాయి. మామూలు జనానికి అందనిది బ్రిటిష్ సైన్యపు తూటాయే.

వేట తూటా ముందు మెత్తటి ముక్కు ఉంటుంది. జంతువును తాకగానే విచ్చుకుని త్వరగా చంపుతుంది, గాయంతో పారిపోనివ్వదు. అదీ ఈ దేశంలో పెరిగిందే. 1890లలో వాయవ్య సరిహద్దు యుద్ధాల్లో .303 గుండు మనిషిని దూసుకుపోతోందే తప్ప ఆపడం లేదని ఫిర్యాదులొస్తే, కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బెర్టీ-క్లే ముక్కు తెరిచిన గుండు చేయించాడు. 1899 హేగ్ సమావేశం విచ్చుకునే గుండ్లను యుద్ధాల్లో వాడకూడదంది. సైన్యం వదిలేసింది, అడవిలో మాత్రం అదే మర్యాదైన గుండుగా నిలిచింది.

సర్కారు భయం నిజమైన రోజులు మన మన్యంలో వచ్చాయి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లను వరసగా కొట్టి 26 తుపాకులు, 2,500 తూటాలు పట్టుకుపోయింది. తుపాకులతో పాటు తూటాలు ఎత్తుకెళ్లడంలోనే ఆయన ముందుచూపు తెలుస్తుంది. నెల తిరిగేసరికి దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు నేలకొరిగారు. ఇలాంటి భయంతోనే, 1857 తర్వాత గాడులు చెరిపిన పద్ధతిని ఇషాపూర్ వాళ్లు మళ్లీ తీశారు. లీ-ఎన్‌ఫీల్డులను .410 నున్నటి గొట్టాలుగా మార్చి పోలీసులకూ జైలు కాపలావాళ్లకూ ఇచ్చారు. ఎత్తుకుపోయినా .303 తూటా అందులో పనికిరాదు.

స్వాతంత్ర్యం వచ్చింది గానీ ఆ లెక్క మారలేదు. 1959 ఆయుధాల చట్టం కిందా నిషేధిత బోరు, అనిషేధిత బోరు అన్న విభజనే సాగింది. .30-06 అమెరికన్ సైన్యం రెండు ప్రపంచ యుద్ధాల్లో వాడింది. మన సైన్యానిది కాదు కాబట్టి దానికి లైసెన్సు ఇస్తారు. అదే మందం గుండు, ఇత్తడి గొట్టం 12 మిల్లీమీటర్లు పొట్టి అయిన 7.62 నాటో తూటాకి ఇవ్వరు. 1972లో వన్యప్రాణి చట్టంతో వేట ఆగిపోయింది. ఆగాల్సిందే. మహేంద్రగిరి నుంచి పర్లాకిమిడి, మందస, టెక్కలి దాకా జమీందార్ల వేటలకి ఎన్ని పులులు బలయ్యాయో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. 1980ల మధ్యలో విదేశీ తుపాకుల దిగుమతీ ఆగింది. అంతకుముందే, 1960ల చివర్లో, బ్రిటన్‌లో కైనాక్ కంపెనీ పెద్ద నైట్రో తూటాల తయారీ ఆపేయడంతో పాత దివాణాల్లోని .465లూ .470లూ గోడకు వేలాడే ఇనుమైపోయాయి.

నాకు బాధ ఆ ఇనుము గురించి కాదు. వేట ఫొటోల కింద దొరవారి పేరుంటుంది, తుపాకి పేరుంటుంది. అడుగుజాడ చూసి జంతువును చూపించిన సవర మనిషి పేరు ఉండదు. తూటా ఎంత మంచిదైనా నూరు అడుగుల దాకా తీసుకెళ్లింది ఆయనే. ఆ విద్య ఎవరూ రాసిపెట్టలేదు.

టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఈమధ్య ఒక రైఫిలు కట్టించుకుంటున్నాడు. గొట్టం ఒకరి దగ్గర, కర్ర ఒకరి దగ్గర, దూరదర్శిని ఇంకొకరి దగ్గర. నాలుగు వందల గజాల దూరాన జింకను కొట్టాలి.

"ఏ తూటా తీసుకోమంటావు మామయ్యా? 6.5 క్రీడ్‌మూరా, 7 రెమింగ్టన్ మ్యాగ్నమా, .300 వించెస్టర్ మ్యాగ్నమా?"

నేను క్రీడ్‌మూర్ అన్నాను. 2007లో వచ్చిన ఆ తూటా 9 గ్రాముల సన్నటి పొడుగు గుండును సెకనుకు 820 మీటర్ల వేగంతో పంపుతుంది. ఆ గుండు గాలిని చీల్చుకుపోతుంది కాబట్టి దూరంలోనూ వేగం నిలుస్తుంది. విచ్చుకోవడానికి కావలసిన వేగం మిగలకపోతే ఎంత సూటిగా తగిలినా జంతువు గాయంతో పోతుంది. దూరపు వేటలో ముందు చూసుకోవాల్సింది అదే. .300 మ్యాగ్నం బలమైనదే, కానీ భుజానికి తన్ను దాదాపు రెట్టింపు. తన్నుకి జంకి ముందే కన్ను మూస్తే బలం దేనికి? మన .315 పాత సైనిక రూపంలో 15.8 గ్రాముల మొద్దు గుండును 620 మీటర్ల వేగంతో పంపేది. దగ్గరి పొదల్లో ఎలుగుకి చాలు, నాలుగు వందల గజాలకి చాలదు. "ఇక్కడ కొట్లో ముప్పై రకాలుంటాయి మామయ్యా," అన్నాడు వాడు. పాతపట్నంలో అడిగితే .315, .30-06, .22, పన్నెండు బోరు. అంతే.

పాత కొండ వేటగాడికి మాత్రం ఎవరి జాబితాతోనూ పని ఉండేది కాదు. ఆయన చేతిలోది ముందునుంచి మందు పోసే నాటు తుపాకి. దానికి తూటాయే లేదు. కుందేలుకైతే రవ్వలు, పందికైతే ఒకే గుండు, మందు పాళ్లు జంతువును బట్టి. ఆ కొలత అరచేతిలోనే ఉండేది. లండన్ పనివాడు కొత్త గొట్టం చేసి తేవలసిన తేడాను ఆయన గుమ్మం దాటకముందే తేల్చుకునేవాడు. 1959 చట్టం 13వ సెక్షన్ పంట కాపలాకి ఇప్పటికీ ఆ తుపాకి పేరే చెబుతుంది.