ఫోనుకీ కంప్యూటరుకీ ఒకటే జాబితా: బుక్‌మార్కుల సింక్ చరిత్ర

నచ్చిన పేజీ చిరునామాను బ్రౌజరులోనే దాచుకునే సదుపాయం వెబ్ తొలినాళ్ళ నుంచే ఉంది. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజరు దాన్ని హాట్‌లిస్ట్ అని పిలిచింది. 1994 చివర్లో వచ్చిన నెట్‌స్కేప్ నావిగేటర్ వల్ల బుక్‌మార్క్ అన్న పేరు జనంలో నిలిచింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో అవే ఫేవరెట్స్ అయ్యాయి. పేరుతోపాటు దాచే పద్ధతీ మారింది. నెట్‌స్కేప్ మొత్తం జాబితాను ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలులో రాసేది. ఎక్స్‌ప్లోరర్ ఒక్కో చిరునామాకు ఒక్కో చిన్న ఫైలు చేసి ఫోల్డరులో ఉంచేది. ఎలా దాచినా ఆ జాబితా ఆ ఒక్క కంప్యూటరుకే పరిమితం. ఆఫీసులో దాచుకున్నది ఇంట్లో కావాలంటే ఫైలును ఫ్లాపీలో వేసుకుని పోవాలి, లేదా తన ఈమెయిలుకు తానే పంపుకోవాలి. నెట్‌స్కేప్ ఫైలు రూపం మాత్రం ఆ కంపెనీకంటే ఎక్కువ కాలం బతికింది. నేటికీ క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులను ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే ఫైలు మొదటి వరుసలో నెట్‌స్కేప్ పేరు కనిపిస్తుంది.

జాబితాను బ్రౌజరు నుంచి తీసి ఏదైనా వెబ్‌సైటులో పెట్టేస్తే ఎక్కడి నుంచైనా చూసుకోవచ్చన్నది తొలి పరిష్కారం. జాషువా షాక్టర్ 2003లో మొదలుపెట్టిన డెలీషియస్ ఈ దారిలో బాగా పేరు తెచ్చుకుంది. 2005లో యాహూ దాన్ని కొన్నది. అక్కడ ఉన్నది ఒకే జాబితా, ఒకే సర్వరు. రెండు ప్రతుల మధ్య తగువు వచ్చే అవకాశమే లేదు. కాని బ్రౌజరు పట్టీలో కనబడే బుక్‌మార్కులు వేరుగానే మిగిలాయి. జనానికి అలవాటైనవి అవే.

అసలు చిక్కు 2006లో మొదలైంది. లోటస్ 1-2-3 స్ప్రెడ్‌షీట్‌తో ప్రసిద్ధుడైన మిచ్ కాపోర్ స్థాపించిన ఫాక్స్‌మార్క్స్, గూగుల్ విడుదల చేసిన బ్రౌజర్ సింక్ రెండూ ఫైర్‌ఫాక్స్‌కు యాడ్-ఆన్‌లుగా వచ్చాయి. వీటిలో ప్రతి కంప్యూటరులోనూ ఒక ప్రతి ఉంటుంది, అన్ని ప్రతులూ ఒకేలా ఉండాలి. వినడానికి ఇది నకలు తీసే పనిలాగే ఉంటుంది. నిజానికి ఇది తీర్పు చెప్పే పని. ఒక బుక్‌మార్కు ఇంటి కంప్యూటరులో ఉంది, ఆఫీసు కంప్యూటరులో లేదు. అది ఇంట్లో కొత్తగా చేర్చినదా, ఆఫీసులో తీసేసినదా? రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. అందుకే తీసేసిన ప్రతి బుక్‌మార్కుకూ దాన్ని తీసేశారని చెప్పే రికార్డు ఒకటి సర్వరులో మిగలాలి. ఆ రికార్డు లేని చోట తీసేసినవి మళ్ళీమళ్ళీ తిరిగొస్తాయి. జనానికి ఇది విసుగు తెప్పించేది.

ఇక రెండో ప్రశ్న: ఏ రెండు బుక్‌మార్కులు ఒకటే? చిరునామా ఒకటైతే చాలనుకుంటే, ఒకే పేజీని కావాలనే రెండు ఫోల్డర్లలో పెట్టుకున్నవారికి ఒకటి పోతుంది. పేరూ చూడాలంటే, ఒకచోట పేరు మార్చగానే అది కొత్తదైపోయి జంటగా కనిపిస్తుంది. అందుకే ప్రతిదానికీ పుట్టినప్పుడే మారని గుర్తింపు సంఖ్య ఇవ్వడం తప్పలేదు. ఫైలు నుంచి ఇంపోర్ట్ చేసినప్పుడు మాత్రం పాత సంఖ్యలు వెంట రావు. రెండు పరికరాల్లోనూ ఒకే ఫైలును ఇంపోర్ట్ చేసి ఆపైన సింక్ పెడితే జాబితా రెట్టింపయ్యే ప్రమాదం ఉన్నది ఈ కారణంగానే.

గూగుల్ తన యాడ్-ఆన్‌ను 2008లో ఆపేసింది. అప్పటికి ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా వారి ల్యాబ్స్ 2007 చివర్లో మొదలుపెట్టిన వీవ్ ప్రయోగం నడుస్తోంది. 2011 మార్చిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 4లో అదే ఫైర్‌ఫాక్స్ సింక్‌గా బ్రౌజరులో కలిసిపోయింది. సమాచారాన్ని పరికరంలోనే రహస్య లిపిలోకి మార్చి పంపాలి, సర్వరు నడిపేవారికి కూడా అది చదవడం సాధ్యం కాకూడదు అన్నది దాని నియమం. వాడేవారి పక్షాన నిలిచిన గొప్ప నిర్ణయమది. దానికి మూల్యమూ ఉంది. రెండో పరికరాన్ని జతచేయాలంటే ఒక తెరమీద కనిపించే 12 అక్షరాలను మరో దాంట్లో కొట్టాల్సి వచ్చేది. మొదటి పరికరం చేతిలో లేకపోతే 26 అక్షరాల సింక్ కీ కావాల్సి వచ్చేది. ఒక్క కంప్యూటరే ఉండి, అది పాడై, కీ రాసిపెట్టుకోకపోతే సర్వరులోని జాబితా ఉన్నా లేనట్టే. సింక్‌ను బ్యాకప్ అనుకున్న చాలామందికి ఈ తేడా జాబితా పోగొట్టుకున్నాకే తెలిసింది. 2014లో ఫైర్‌ఫాక్స్ 29 నుంచి మామూలు ఈమెయిలు, పాస్‌వర్డు పద్ధతి వచ్చింది. తాళం ఇప్పుడు పాస్‌వర్డు మీదే ఆధారపడింది కనుక పాస్‌వర్డు మరిచిపోయి కొత్తది పెట్టుకుంటే సర్వరులోని పాత ప్రతి తెరుచుకోదు. జాబితా ఇంకా మిగిలి ఉన్న ఏదో ఒక పరికరం నుంచి మళ్ళీ పంపాల్సిందే. ముందే రికవరీ కీ తీసి దాచుకునే వెసులుబాటు తరవాత చేరింది.

క్రోమ్ దారి వేరు. 2010 జనవరిలో క్రోమ్ 4తో బుక్‌మార్కుల సింక్ గూగుల్ ఖాతాకు ముడిపడింది. కొత్త పరికరంలో లాగిన్ అయితే చాలు. విడిగా రహస్య వాక్యం పెట్టుకోవడం ఇష్టమైనవారికే. ఆపిల్ 2011లో తెచ్చిన ఐక్లౌడ్ కూడా బుక్‌మార్కులను ఇలాగే ఖాతాకు ముడిపెట్టింది.

ఫోన్లు రావడంతో కొత్త రకం గందరగోళం పుట్టింది. ఫోనులో దాచినవి మామూలుగా మొబైల్ బుక్‌మార్క్స్ అనే ప్రత్యేక ఫోల్డరులోకి చేరతాయి, కంప్యూటరులోనూ అదే ఫోల్డరులో కనిపిస్తాయి. పట్టీ మీద వెతికి, కనబడక, సింక్ పనిచేయడం లేదనుకున్నవారు కొందరైతే, ఫోనులో ఒక ఖాతాతో, కంప్యూటరులో మరో ఖాతాతో లాగిన్ అయినవారు ఇంకొందరు. సింక్ చెడిందన్న ఫిర్యాదుల్లో ముందుగా చూడాల్సినవి ఈ రెండే.

ఫోనులో నెట్ మధ్యలో తెగిపోవడం ఇంకా లోతైన దెబ్బ. ఫైర్‌ఫాక్స్ పద్ధతిలో ఫోల్డరు రికార్డు తనలో ఏయే బుక్‌మార్కులు ఉన్నాయో చెబుతుంది, ప్రతి బుక్‌మార్కూ తాను ఏ ఫోల్డరులో ఉందో చెబుతుంది. సగం పంపేసరికి సిగ్నల్ పోతే ఈ రెండు సాక్ష్యాలూ పొసగవు. అలా దిక్కులేనివైన బుక్‌మార్కులు అదర్ బుక్‌మార్క్స్‌లో తేలేవి, లేదా వరుస చెదిరిపోయేది. దీనికి మొజిల్లా రెండు మార్పులు చేసింది. అంతా చేరాకే సర్వరు ఆమోదించేలా మూకుమ్మడి అప్‌లోడ్ పెట్టింది. ఆపైన రస్ట్ భాషలో డాగియర్ అనే కొత్త విలీన పద్ధతి రాసింది. వచ్చిన రికార్డులను వచ్చినట్టు ఒక్కొక్కటిగా అతికించకుండా, అది పరికరంలోనూ సర్వరులోనూ ఉన్న ఫోల్డర్ల చెట్లను పూర్తిగా పోల్చి చూసి కొత్త చెట్టును కడుతుంది. పదేళ్ళకు పైగా అతుకులతో నడిచిన పనికి ఇది మూలంలో చేసిన చికిత్స.

మొదట ఫైర్‌ఫాక్స్‌కే వచ్చిన ఫాక్స్‌మార్క్స్ తరవాత వేర్వేరు బ్రౌజర్లను కలిపే పనికి దిగింది. 2009లో అది ఎక్స్‌మార్క్స్ అని పేరు మార్చుకుంది. 2010 సెప్టెంబరులో మూసివేత ప్రకటించగానే వాడుకదారులు డబ్బు కడతామని ముందుకొచ్చారు. ఆ డిసెంబరులో పాస్‌వర్డులు దాచే సేవ నడిపే లాస్ట్‌పాస్ కొనడంతో 2018 మే 1 దాకా సాగింది. క్రోమ్ సొంత సింక్, ఇలాంటి మరో సింక్ ఒకే బ్రౌజరులో నడిస్తే ఒకదాని మార్పును ఇంకొకటి కొత్త మార్పుగా పంపి జంటలు పెంచుకుంటూ పోతాయి. రెండింటిలో ఒకటి ఆపడమే మందు. 2021 మార్చిలో గూగుల్ తన సింక్‌ను క్రోమ్‌కే పరిమితం చేసి క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం కోడ్‌తో ఇతరులు కట్టిన బ్రౌజర్లకు ఆపేసింది. అప్పటిదాకా వాటిని వాడిన లినక్స్ వాడుకదారులకు పరికరంలోని జాబితా మిగిలింది, అది ఫోనుకు వెళ్ళే దారి పోయింది.

జాబితా చెడినప్పుడు మరమ్మతు వరుస ఇప్పటికీ మారలేదు. అన్ని పరికరాల్లోనూ సింక్ ఆపి, సరైన జాబితా ఉన్న పరికరం నుంచి హెచ్‌టీఎంఎల్ ఫైలు తీసి పెట్టుకుని, అక్కడే జంటలు సరిచేసి, సర్వరులోని ప్రతిని తుడిచి, ముందుగా ఆ పరికరాన్నే కలపాలి. మిగతావాటిలోని పాత బుక్‌మార్కులు తీసేశాకే వాటిని కలపాలి, లేదంటే జంటలు మళ్ళీ వస్తాయి. ఫైర్‌ఫాక్స్ తనంతట తానే పాత బ్యాకప్‌లు కొన్ని దాస్తుంది. క్రోమ్ ప్రొఫైల్ ఫోల్డరులో బుక్‌మార్కుల ఫైలు పక్కన దాని బ్యాకప్ ప్రతి ఒకటి ఉంటుంది. అది ఒక్కటే కనుక, క్రోమ్‌ను మళ్ళీ తెరవకముందే వేరేచోటికి నకలు తీసుకోవాలి.